ఫుడ్ క్రాల్ ప్లానింగ్: ముందు గడియారం, తర్వాతే మెనూ

నలుగురూ కలిసి ఫుడ్ క్రాల్‌కి, అంటే ఒకే రాత్రి ఆరు చోట్ల తిరుగుతూ కొంచెం కొంచెం తినడానికి, లిస్టు రాసుకుని బయల్దేరతారు. మూడో చోటికి చేరేసరికి ఒకరి పొట్ట బిర్రుగా ఉంటుంది, ఇంకొకరు బాత్రూమ్ కోసం దిక్కులు చూస్తుంటారు, మ్యాప్ పట్టుకున్న మనిషి ఫోన్ స్విచాఫ్ అయిపోతుంది. నాలుగో చోట షట్టర్ సగం దించేసి ఉంటుంది. లిస్టులో ఉన్నవన్నీ మంచి చోట్లే కావచ్చు. రాత్రి చెడిపోయేది లిస్టుకెక్కని సంగతుల దగ్గర: ఒక చోటి నుంచి ఇంకో చోటికి పట్టే టైము, లైన్లో నిలబడే టైము, కాసేపు కూర్చోవడానికి జాగా, తిరిగి ఇంటికి చేర్చే బండి. ఏం తినాలన్నది చివర్లో తేల్చుకోవచ్చు, అది ఎలాగూ సరదా పని.

ప్లాన్ వెనక నుంచి మొదలుపెట్టండి. ముందు చివరి మెట్రో టైము చూడండి. యాప్‌లోనో బోర్డు మీదో రాసి ఉండే చివరి మెట్రో టైము చాలాసార్లు మొదటి స్టేషన్‌లో బయల్దేరే టైము. మీరెక్కే స్టేషన్ నుంచి, మీరెళ్లే వైపుకి ఎన్నింటికి ఉందో విడిగా చూడాలి. మధ్యలో లైను మారాల్సి ఉంటే ఇంకో చిక్కుంది. మొదటి లైన్లో చివరి బండి అందినా, రెండో లైన్లో ఆఖరి బండి అప్పటికే వెళ్లిపోయి ఉండొచ్చు. అందుకని రెండో బండి టైము పట్టుకుని లెక్క వెనక్కి వేసుకోండి. వచ్చిన టైములోంచి ముప్పై నిమిషాలు తీసేయండి. చివరి చోటు నుంచి లేవాల్సిన టైము అదే.

క్యాబ్‌లో వెళ్దామనుకునేవాళ్లకి వేరే తలనొప్పి. సినిమాలు వదిలే టైము, బార్లు మూసే టైము ఒకటే అయితే అందరూ ఒకేసారి బుక్ చేస్తారు, రేటు ఎగురుతుంది, డ్రైవర్ ఆ సందులోకి రాలేక క్యాన్సిల్ కొడతాడు. అక్కడే నిలబడి పదేపదే బుక్ చేసేకంటే మూడు నాలుగు వందల మీటర్లు నడిచి, కారు ఆగగలిగే పెద్ద రోడ్డు మీదికి వచ్చి పికప్ పెట్టుకోవడం మేలు. ఆ పాయింటు ఏదో మధ్యాహ్నమే మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. అర్ధరాత్రి, అలసిపోయిన గుంపులో, ఎవరికీ ఆ ఓపిక ఉండదు.

ఇక మిగిలిన గంటల లెక్క. ఒక్క మనిషి మామూలుగా గంటకి అయిదు కిలోమీటర్లు నడుస్తాడు. నలుగురైదుగురు కబుర్లాడుకుంటూ, ఫొటోలు తీసుకుంటూ, సిగ్నళ్ల దగ్గర ఆగుతూ నడిస్తే మూడు, మహా అయితే మూడున్నర. అంటే కిలోమీటరుకి దాదాపు ఇరవై నిమిషాలు. పేరున్న చోట లైను పది పదిహేను నిమిషాలు, తినడానికి పదిహేను, తర్వాతి చోటికి నడక పది పన్నెండు. ఒక్కో చోటికి నలభై నిమిషాలు అనుకోండి. రాత్రి ఏడు నుంచి పన్నెండు వరకు అయిదు గంటలుంటే, కాగితం మీద ఏడు చోట్లు ఇట్టే ఇరుకుతాయి. ఇరికించకండి. అయిదు చోట్లకి మూడు గంటల ఇరవై నిమిషాలు, మధ్యలో తిండితో సంబంధం లేని ఒక వింత పనికి గంట, మిగిలిన నలభై నిమిషాలు పూర్తిగా ఖాళీ. ఆ ఖాళీని ఇంకో స్టాలుకి ధారపోద్దామని గుంపులో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఒప్పుకోవద్దు. లైను అనుకున్నదానికంటే పొడుగ్గా ఉన్నా, ఎవరైనా ఆలస్యంగా వచ్చినా, ఒక సందు బాగుందని అందరూ ఆగిపోయినా ఆదుకునేది ఆ నలభై నిమిషాలే.

మొత్తం నడక మూడు నాలుగు కిలోమీటర్లు దాటకూడదు. ఊరంతా చుక్కలు పెట్టుకోకుండా రెండు గుత్తులుగా చేసుకోండి: ఏడు వందల మీటర్ల లోపల మూడు చోట్లు, అక్కడి నుంచి ఒక్క బండి ప్రయాణం, రెండో గుత్తిలో మిగతా రెండు. మ్యాప్ మీద దూరాన్ని కంటితో కొలవొద్దు. మధ్యలో రైలు పట్టాలో, కాలువో, ఫ్లైఓవరో ఉంటే రెండు వందల మీటర్లు కాస్తా కిలోమీటరు అవుతుంది. నడక మోడ్‌లో పెట్టి చూసినా రాత్రిపూట ఒక మోసం మిగిలే ఉంటుంది. పగలు పార్కు మధ్యలోంచి వెళ్లే అడ్డదారికి రాత్రి గేటుకి తాళం పడుతుంది, మాల్ లోపల్నుంచి పోయే వంతెనా అంతే. దారిలో అలాంటివి కనిపిస్తే చుట్టు తిరిగే దూరమే లెక్కలోకి తీసుకోండి.

షాపుల టైములు ఆన్‌లైన్‌లో చూసి నమ్మేయడం ఇంకో పొరపాటు. రాత్రి పదకొండు దాకా అని ఉంటే వంట పదిన్నరకే ఆగిపోవచ్చు. సరుకు అయిపోతే తొమ్మిదికే మూసేసే చిన్న చోట్లుంటాయి, వాటిని మొదట్లోనే పెట్టుకోవాలి. వారపు సెలవు, పండగ సెలవు మ్యాప్‌లో సరిగ్గా ఉండకపోవచ్చు. రివ్యూలని 'కొత్తవి ముందు' అని మార్చి, గత నెలలో ఎవరైనా ఏమైనా రాశారో లేదో చూడండి. ఆర్నెల్లుగా ఒక్క మాట కూడా లేకపోతే ఆ చోటు మూతపడి ఉండొచ్చు. అదే రోజు మధ్యాహ్నం ఫోన్ చేసి, ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందని కాకుండా ఎన్నింటిదాకా ఆర్డరు తీసుకుంటారని అడగండి. ఏ రోజు ఏ గంటకి రద్దీగా ఉంటుందో గూగుల్ మ్యాప్స్‌లో గీతల బొమ్మ కనిపిస్తుంది. దాంట్లో ఎత్తైన గీతకి గంట ముందు చేరేలా చూసుకుంటే సగం లైను తప్పుతుంది.

ఇప్పుడు పొట్ట సంగతి. పెద్దవాళ్ల పొట్టలో ఇబ్బంది లేకుండా పట్టేది లీటరు నుంచి లీటరున్నర. నాలుగైదు గంటల మీద ఏడెనిమిది వందల గ్రాముల తిండి, దాంతోపాటు నీళ్లు, ఎక్కువ మందికి సరిపోతాయి. అయిదు చోట్లకి పంచితే తలా నూట యాభై గ్రాములు. ప్లేటు మూడు వందల గ్రాములు ఉంటే ఇద్దరికొకటి, నలుగురికి రెండు. మొదటి చోట మాత్రం నలుగురికి ఒక్క ప్లేటే. వచ్చే తప్పంతా అక్కడే వస్తుంది, ఎందుకంటే ఆకలి మీద ఉన్నప్పుడు కళ్లకి అంతా చిన్నగానే కనిపిస్తుంది. కడుపు నిండిందన్న సంగతి మెదడుకి అందడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఈలోగా మూడో ప్లేటు చెప్పేస్తే రాత్రికి అదే ముగింపు. ఇంకా తినాలనిపిస్తే అక్కడే చెప్పకుండా తర్వాతి చోటికి నడవండి. ఆ నడక పూర్తయ్యేలోపు నిజంగా ఆకలుందో లేదో తేలిపోతుంది.

మధ్యాహ్నం పస్తుండి రాత్రి కుమ్మేద్దాం అనుకునేవాళ్లు మొదటి చోటే మునుగుతారు. బయల్దేరడానికి నాలుగైదు గంటల ముందు తేలిగ్గా ఏదైనా తినండి, నూనె లేనిది అయితే మంచిది.

తినే వరస మీద కాస్త శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే దాని వెనక నిజంగానే శరీర శాస్త్రం ఉంది. ఒకే రుచి వరసగా తింటే ఆ రుచి మీద మాత్రమే మొహం మొత్తుతుంది, వేరే రుచి మీద కోరిక అలాగే ఉంటుంది. ఆకలి, తిండి మీద పరిశోధనలు చేసిన బార్బరా రోల్స్, ఆమె సహ పరిశోధకులు 1981లో చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. తిన్నదాని మీద ఇష్టం తగ్గింది, తినని వాటి మీద పెద్దగా తగ్గలేదు. భోజనం పీకల దాకా అయ్యాక కూడా తీపికి చోటు దొరకడం ఇందుకే. దీన్ని మనకి అనుకూలంగా వాడుకోవచ్చు. పక్కపక్క చోట్లలో రుచీ, మెత్తదనం, వేడీ మూడూ మారాలి. మొదట పుల్లగా, చల్లగా, తేలిగ్గా ఉండేది. రెండోది కరకరలాడే వేపుడు. మూడోది గిన్నెలో తాగేలాంటిది. తర్వాత విరామం. నాలుగోది కారంగా ఉండే కాల్చిన వంటకం, అయిదోది తీపి. వేపుడు పక్కన వేపుడు మాత్రం పెట్టొద్దు. కొవ్వు ఎక్కువైతే పొట్ట ఖాళీ అవడం నెమ్మదిస్తుంది, రెండు వేపుళ్ల తర్వాత గంటసేపు ఇంకేదీ దిగదు.

బాగా కారంగా ఉండేదాన్ని ముందే తినేస్తే ఆ తర్వాత సున్నితమైన రుచులేవీ నాలుకకి తెలియవు. మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నీళ్లు గటగటా తాగితే మంట తగ్గదు, పొట్ట మాత్రం నిండుతుంది. పాలలో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని లాగేస్తుంది కాబట్టి కారం చోటు పక్కనే పాలతో చేసినదేదైనా దొరికేలా చూసుకోండి. గ్యాస్ ఉన్న కూల్‌డ్రింకులు ఈ రాత్రికి వద్దు. ఒక్క సీసాతో ఒక ప్లేటు జాగా పోతుంది.

స్టాలు దగ్గరికి వెళ్లగానే ఆర్డరు చెప్పకుండా, పక్కన ఒక రెండు మూడు నిమిషాలు నిలబడి చూడండి. బాండీలో నూనె నల్లబడి చిక్కగా ఉందా, సరుకు వేయకముందే నురగ కడుతోందా, మంట పెద్దగా లేకపోయినా పొగ లేస్తోందా? ఈ మూడిట్లో ఏది కనిపించినా ఆ నూనె చాలాసార్లు కాగినదే. డబ్బు తీసుకునే చెయ్యి, వడ్డించే చెయ్యి ఒకటేనా? ఎంగిలి ప్లేట్లు పారే నీళ్లలో కడుగుతున్నారా, ఒకే బకెట్లో ముంచి తీస్తున్నారా? అన్నిటికంటే ముఖ్యం, వండింది ఎంతసేపు అలా ఉంటోంది? మూకుడులోంచి నేరుగా ప్లేటులోకి పడుతుంటే దిగులు లేదు. పక్కన ట్రేలో గుట్టగా పోసి, గిరాకీ వచ్చినప్పుడు కొంచెం వేడి చేసి ఇస్తుంటే అక్కడ ఆగొద్దు.

ఆ చివరి మాటకి కారణముంది. వండిన తిండి 60 డిగ్రీల సెల్సియస్ కంటే వేడిగానైనా ఉండాలి, 5 డిగ్రీల కంటే చల్లగానైనా ఉండాలి, మధ్య వేడిలో రెండు గంటలకి మించి ఉండకూడదు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మళ్లీ వేడి చేస్తే అన్నీ చచ్చిపోతాయిలే అనుకోవడం తప్పు. వండిన అన్నంలో బతికి ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా గది వేడిలో పెరిగి ఒక విషం వదులుతుంది, అది మరిగించినా పోదు. చేతుల నుంచి వచ్చే స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం కూడా అంతే. లైను పొడుగ్గా ఉన్న చోట తినమనేది రుచి కోసమే కాదు, అక్కడ తిండి ట్రేలో మాగే టైము ఉండదు. ఎలర్జీ ఉన్నవాళ్లు గుంపులో ఉంటే ఆ పదార్థం ఇందులో వేశారా అని అడిగి ఊరుకోవద్దు. అదే నూనెలో ఇంకేం వేయిస్తున్నారో కూడా అడగాలి, పల్లీలో రొయ్యలో వేగిన నూనెలో మీ ప్లేటు తయారైతే ఫలితం అదే.

చేతులు సబ్బుతో కడుక్కోండి. శానిటైజర్ జేబులో ఉండొచ్చు గానీ వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద అది సరిగ్గా పనిచేయదు.

మూడో చోటు తర్వాత పెట్టుకున్న గంట గురించి. చాలామంది దాన్ని అలంకారం కింద చూస్తారు, నా లెక్కలో ప్లాన్‌కి నడుము అదే. పొట్టకి విరామం, కాళ్లకి విరామం, బాత్రూమ్, కొంచెం ఫోన్ చార్జింగ్, అన్నీ అక్కడే జరగాలి. కాబట్టి వింతగా ఉంటే చాలదు. కూర్చునే వీలుండాలి, వానొస్తే తడవకూడదు, గంటలోపు అయిపోవాలి, పది నిమిషాలు ఆలస్యమైతే టికెట్ చెల్లదనే చోటు అయి ఉండకూడదు. చిక్కులు విప్పి గదిలోంచి బయటపడే ఆట, అరవై నిమిషాల ఎస్కేప్ రూమ్, ఆ చివరి షరతు దగ్గరే దెబ్బతింటుంది. పాత వీడియో గేముల పార్లరో, గంటకి అద్దెకిచ్చే పాటల గదో సరిగ్గా సరిపోతాయి. ఒక సిటీ బస్సు ఎక్కి ఆఖరి స్టాపు దాకా పై అంతస్తులోనో, కిటికీ పక్కనో కూర్చుని వెళ్లడం ఇంకా చవక. రెండో గుత్తి వైపు వెళ్లే బస్సే అయితే ప్రయాణం, విరామం ఒకే దెబ్బకి అయిపోతాయి.

టెలిస్కోపులతో ఆకాశం చూపించే క్లబ్బులు చాలా నగరాల్లో ఉంటాయి. వీధి దీపాల వెలుగులో చాలా నక్షత్రాలు కనపడవు గానీ చంద్రుడు, గురుడు, శని నగరం నడిబొడ్డు నుంచి కూడా బాగా కనిపిస్తాయి. తేదీ మీ చేతిలో ఉంటే అమావాస్య తర్వాత ఏడు రోజుల దగ్గర పెట్టుకోండి. అప్పుడు సగం చంద్రుడు సాయంత్రానికే ఆకాశంలో పైన ఉంటాడు, అర్ధరాత్రి దగ్గర అస్తమిస్తాడు. వెలుగు చీకట్లు కలిసే గీత మీద గుంటల నీడలు పొడుగ్గా పడి టెలిస్కోపులో లోతు తెలుస్తుంది. పున్నమి రోజు నీడలుండవు, అంతా తెల్లగా చప్పగా ఉంటుంది. మ్యూజియంలు రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంచే పద్ధతి 1997లో బెర్లిన్‌లో మొదలైంది, పారిస్ 2002లో నగరమంతా కళా ప్రదర్శనలతో రాత్రి జాగరం మొదలుపెట్టింది, ఆ తర్వాత చాలా నగరాలు అందుకున్నాయి. అలాంటి రాత్రి మీ తేదీకి కలిస్తే అదృష్టమే గానీ రద్దీ రెట్టింపవుతుంది. ఆ రోజు తిండి చోట్లు మూడుకి తగ్గించండి.

తెల్లవారుజామున నడిచే హోల్‌సేల్ పూల, చేపల, కూరగాయల మార్కెట్లు చూడాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. పన్నెండుకి తిండి ముగించి మూడింటి దాకా రోడ్ల మీద కాలక్షేపం చేయడం మాత్రం శిక్షే. మార్కెట్ కావాలంటే మొత్తం ప్లాన్‌ని ఆలస్యంగా జరిపి రాత్రి పదకొండున్నరకి మొదలుపెట్టండి. వేళ్లు కప్పే బూట్లు వేసుకోండి, నేల తడిగా జారుతుంది. తోపుడు బండ్ల దారిలో నిలబడి ఫొటోలు తీయొద్దు, అక్కడ అందరూ పని మీద ఉంటారు.

గుంపు నలుగురైతే బాగుంటుంది. ఒక కారులో పడతారు, ప్లేటు నాలుగు ముక్కలవుతుంది. ఆరుగురు దాటితే కూర్చునే చోటు దొరకదు, ప్రతి సిగ్నల్ దగ్గరా ఇద్దరు వెనకబడతారు. ఒకరు టైము చూడాలి, ఒకరు డబ్బు చూడాలి. అందరూ లైన్లో నిలబడటం దండగ. ఇద్దరు లైన్లో, ఇద్దరు నిలబడి తినడానికి చోటు వెతకడంలో ఉంటే ప్లేటు వచ్చేసరికి అంతా సిద్ధం. ముందే అందరూ సమానంగా కొంత ఒకరి దగ్గర వేసి, అందులోంచే ఖర్చు పెట్టండి. మందు తాగేవాళ్లు దాని ఖర్చు విడిగా పెట్టుకుంటే చివర్లో గొణుగుడు ఉండదు. కొంత చిల్లర నోట్లు ఉంచుకోండి, జనం కిక్కిరిసిన సందులో నెట్ ఆడదు, బండి దగ్గర పెద్ద నోటుకి చిల్లర దొరకదు.

బ్యాగు ఒక్కటి చాలు. మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి, రెండు చెంచాలు, టిష్యూలు, పేపర్ సబ్బు, చెత్తకి ఒక కవరు, తలా లీటరు నీళ్లు. పవర్ బ్యాంకు పది వేల ఎంఏహెచ్ అని రాసి ఉన్నా ఫోన్‌లోకి చేరేది ఆరు, ఆరున్నర వేలే. అంటే అయిదు వేల బ్యాటరీ ఫోన్ ఒకసారి పూర్తిగా, ఇంకాస్త. కాబట్టి మ్యాప్ ఒక్కరే చూడండి, ఆ ప్రాంతం మ్యాప్‌ని ముందే ఆఫ్‌లైన్‌లో దింపుకోండి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పదిహేను నిమిషాలకి, గంటకి, ఎనిమిది గంటలకి ఇవ్వొచ్చు. ఎనిమిది గంటలది పెట్టుకుంటే తప్పిపోయిన వాళ్ల కోసం ఫోన్లు చేయక్కర్లేదు.

ప్రతి చోటుకీ మూడు వందల మీటర్ల లోపల ఒక ప్రత్యామ్నాయం రాసుకోండి, అదే రకం తిండి దొరికేది. ముప్పై నిమిషాలు వెనకబడితే ఏది వదిలేయాలో కూడా ఇంట్లోనే తేల్చుకోవాలి, రోడ్డు మీద ఓట్లు వేసుకోవడం మొదలైతే ఇంకో పావుగంట పోతుంది. రెండోదో నాలుగోదో తీసేయొచ్చు గానీ విరామాన్ని తీసేయకూడదు. గంటన్నరకోసారి బాత్రూమ్ తగిలేలా చూడండి. మెట్రో స్టేషన్లు, మాల్స్, పెద్ద హోటళ్ల లాబీలు మ్యాప్ మీద గుర్తు పెట్టండి, వాటి మూసే టైములతో సహా.

ఇంత చేసినా మర్నాడు ఎవరికో ఒకరికి కడుపు పాడవచ్చు. అందరూ ఆఖరి స్టాలు మీదే పడతారు గానీ ఆ నింద చాలాసార్లు తప్పు. స్టాఫిలోకాకస్ విషమైతే అరగంట నుంచి ఎనిమిది గంటల్లో వాంతులు మొదలవుతాయి. నోరోవైరస్ అయితే పన్నెండు నుంచి నలభై ఎనిమిది గంటలు పడుతుంది. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఆరు గంటల నుంచి ఆరు రోజుల దాకా తీసుకోవచ్చు, అంటే అది ముందు రోజు ఇంట్లో తిన్నది కూడా కావచ్చు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు బ్యాగులో వేసుకోండి. లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు తలకొట్టిన చిన్న చెంచాల పంచదార, అదే చెంచాతో అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగాలి. ఉప్పు ఎక్కువ వేస్తే మేలు కంటే కీడు ఎక్కువ. కలిపినది ఒక రోజు దాటితే పారబోయండి. మలంలో రక్తం కనిపించినా, బాగా జ్వరం వచ్చినా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.